పది లీటర్ల ఎండ

సూర్యుణ్ణి డబ్బాలో పెట్టి మూత బిగించినవాణ్ణి నేను. నమ్మకపోతే మీ ఖర్మ. ఎవరి సాయమూ లేదు, ఎవరి సలహా లేదు. నేను చదివింది ఐదో తరగతి, అది కూడా మా పంతులు నా మీద విసుగు పుట్టి పైకి తోస్తే వెళ్ళాను. అలాంటివాణ్ణి ఒంటిచేత్తో ఎండని ఆకాశంలోంచి దించి, ఇనప డ్రమ్ములోకి తోసి, ఉప్పునీళ్ళని మంచినీళ్ళు చేయించాను. బోలెడు చదువుకున్న ఇంజనీరమ్మ నా ఎదుట నోరు తెరిచింది. ఆ తెరిచిన నోట్లోకి దోమ వెళ్ళింది. దోమ సంగతి తర్వాత చెబుతాను, ముందు నేనెవరినో తెలియాలి కదా.

నేను ఉప్పుమడుల దగ్గర కాపలావాణ్ణి. కాపలా ఉప్పుకి కాదు. ఉప్పునెవడెత్తుకుపోతాడు, ఎత్తుకుపోయి ఎంతని తింటాడు? నాది తూము కాపలా. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు తూము తలుపెత్తి కాలవలోకి నీళ్ళు వదలాలి. పోటు తగ్గేలోగా దించాలి. రోజుకి రెండుసార్లు. ఆలస్యమైతే మడులు ఎండి బీటలు వారతాయి, ఎక్కువసేపు వదిలేస్తే గట్లు తెగుతాయి. ముప్పయ్యారేళ్ళ నుంచి ఇదే పని. ఇన్నేళ్ళలో సముద్రం ఒకసారి ఆలస్యమైంది గాని నేను కాలేదు.

మడుల్లో పనిచేసేవాళ్ళంతా ఊరివైపు కొసన ఉంటారు. నా గది సముద్రం వైపు కొసన. మధ్యలో ఆరు కిలోమీటర్ల మట్టిగట్టు, దాని మీద లారీ ఒక్కటి పట్టేంత దారి. గదిలో ఒక మంచం, ఒక పొయ్యి, ఒక కిటికీ. బయట వసారాలో రెండు కుర్చీలు. పెళ్ళి చేసుకోలేదు. అడిగినవాళ్ళు లేక కాదు. ఒకావిడ అడిగింది. ఇల్లెక్కడని కూడా అడిగింది. చూపిద్దామని తీసుకొస్తే, సగం గట్టు నడిచాక వెనక్కి వెళ్ళే దారి అడిగింది.

చుట్టూ చూసినంత మేరా నీళ్ళే. గొంతు తడుపుకుందామంటే చుక్క లేదు. గది వెనక నేనే బావి తవ్వాను. సముద్రం కన్నా ఉప్పగా పడింది. అందుకని ఆఫీసువాళ్ళు వారానికోసారి, గురువారం గురువారం, మంచినీళ్ళ ట్యాంకరు పంపేవారు. ఆ ట్యాంకరు నడిపేవాడు నా బావమరిది. చుట్టరికమేమీ లేదు. మొట్టమొదటి రోజు బండి దిగుతూనే, "ఏం బావా, బతికే ఉన్నావా?" అన్నాడు.

"నేను నీకు బావనెప్పుడయ్యానయ్యా?"

"నాకు అక్కల్లేరు బావా. ఉండుంటే నీకే ఇచ్చేవాణ్ణి. లేకపోవడం నా తప్పా?"

ఆ పిలుపు పద్నాలుగేళ్ళు నిలిచింది.

నా తొట్టి నిండడానికి పావుగంట పట్టేది. బావమరిది ఉండేది రెండు గంటలు. రెండో కుర్చీ వాడిది. టీ తాగుతూ వాళ్ళావిడ గురక గురించి, కదిలే పన్ను గురించి, ఇంటిమీద కూర్చునే పావురాల గురించి చెప్పేవాడు. నేను నా అబద్ధాలు చెప్పేవాణ్ణి. నేను కోతలు కోస్తుంటే వాడు ఒక్కసారి కూడా నిజమా అని అడగలేదు. "ఊఁ, తర్వాత?" అనేవాడు. అలా ఊఁ కొట్టే మనిషి దొరకడం అంత సుళువు కాదు. మిగతా ఆరు రోజులూ వాడు చెప్పినవి నెమరేసుకుంటూ, వాడికి చెప్పాల్సినవి తయారుచేసుకుంటూ గడిపేవాణ్ణి.

ఒక సోమవారం ఆఫీసు నుంచి ఇంజనీరమ్మ స్కూటరు మీద వచ్చింది. పాతికేళ్ళుంటాయి. తల మీద టోపీ, చేతిలో నోటుపుస్తకం. రెండో కుర్చీలో కూర్చుంది.

"తాతగారూ, చెప్పడానికి కష్టంగా ఉంది," అంది.

"కష్టమైతే నిదానంగా చెప్పమ్మా. ఇక్కడ తొందరేముంది?"

"గట్టు కుంగిపోతోంది. ట్యాంకరు బరువు ఆపడం దాని వల్ల కాదు. వచ్చే నెల నుంచి పెద్ద బళ్ళు రాకుండా గొలుసు కట్టేస్తాం."

"మరి నా నీళ్ళు?"

ఆ పిల్ల నోటుపుస్తకం కేసి చూసింది. "తూముకి మోటారు పెడతాం. ఎవరూ ఉండక్కర్లేదు. మీరు ఊళ్ళోకి వెళ్ళి హాయిగా విశ్రాంతి తీసుకోవచ్చు."

ఆ విశ్రాంతి రుచి నేనొకసారి చూశాను. ఊళ్ళో మా చెల్లెలుంది. కాలికి దెబ్బ తగిలితే పదిహేను రోజులు దాని ఇంట్లో ఉన్నాను. మంచిది మా చెల్లెలు, పేరు పెట్టడానికి లేదు. దాని మొగుడు, కొడుకులు, కోడళ్ళు, అందరూ మంచివాళ్ళే. ముందుగదిలో దిండు, దుప్పటి, టీవీ ఎదురుగా మంచం. ఇల్లంతా ఏడుగురు. ఏడుగురూ నా మంచం పక్కనుంచే లోపలికీ బయటికీ తిరిగేవారు. "తిన్నావా మావయ్యా?" అని అడిగేవారు, నేను తిన్నానని చెప్పేలోపు వీధిలో ఉండేవారు. మూడో రోజు నేనొక కథ మొదలుపెట్టాను. ఐదో రోజుకి కూడా అది మొదట్లోనే ఉంది. అక్కడ ఒంటరిగా ఉంటే జబ్బంటారు, మందులిస్తారు. ఇక్కడ అదే నా ఉద్యోగం. తేడా తెలిసినవాణ్ణి కాబట్టి నోటికొచ్చింది అనేశాను.

"నీళ్ళే కదమ్మా మీ బాధ? నీళ్ళు నేనే చేసుకుంటాను."

"ఎలా?"

"ఎండతో."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. పెన్ను మూత తీసింది. అప్పుడు నాకు భయం వేసింది. కోతలు కోసేవాడికి ఎదుటివాళ్ళు నవ్వకుండా రాసుకోవడం కన్నా పెద్ద ఆపద లేదు.

"తాగడానికి, వంటకి మనిషికి రోజుకి పది లీటర్లు కావాలి," అంది. "స్నానం సంగతి?"

"ముప్పయ్యారేళ్ళుగా ఉప్పునీళ్ళతోనే అమ్మా. నేను ఊరేసిన సరుకుని, పాడవను."

"సరే. నెల రోజులు టైము. వరసగా మూడు రోజులు, నా కళ్ళెదుట, పొద్దు పొడిచింది మొదలు పొద్దు కుంకేలోపు పది లీటర్లు చూపించండి. మీరు ఇక్కడే ఉండొచ్చని నేను రాసిస్తాను. ఒక్క రోజు తగ్గినా సామాను సర్దుకోవాలి."

స్కూటరు వెళ్ళిపోయింది. గట్టు మీద దుమ్ము సర్దుకునేదాకా చూస్తూ కూర్చున్నాను.

అసలు అది పూర్తిగా కోత కూడా కాదు. మడిలో రోజూ జరిగేదదే కదా. ఎండ నీళ్ళని పట్టుకుపోతుంది, ఉప్పుని మనకి వదిలేస్తుంది. ఆ పట్టుకుపోయే నీళ్ళని దారిలో అడ్డగించి సీసాలోకి దింపుకోవాలి. అయితే మడిలో ఆ పని నెమ్మదిగా, తీరుబడిగా సాగుతుంది. నాకు పది లీటర్లు సాయంత్రానికి కావాలి. అంటే ఎకరం మీద పడే ఎండనంతా కాకపోయినా, ఒక గదంత ఎండనైనా పోగుచేసి ఒక్క చోటికి తోలాలి. తోలినది బయటికి పోకుండా మూత బిగించాలి.

గురువారం బావమరిదికి చెప్పాను. టీ గ్లాసు కింద పెట్టి పన్ను కదుపుకున్నాడు.

"మా ఇల్లు మీ చెల్లెలింటికి రెండు వీధుల అవతలే కదా బావా. ఊళ్ళోకొచ్చెయ్. వారానికోసారేంటి, రోజూ కలుద్దాం."

"ఊళ్ళో నువ్వు బండి దిగేదెప్పుడు? పొద్దున్నే నాలుగింటికెక్కి, చీకటి పడ్డాక దిగుతావు. ఆదివారం మీ ఆవిడ బండి ఎక్కుతావు."

"అదీ నిజమే," అన్నాడు. తర్వాత, "అయితే నువ్వు నెగ్గితే నాకిక్కడ పనిలేదు. నువ్వు ఓడితే నీకిక్కడ పనిలేదు. ఏం తెలివిరా నాయనా నీది! ఎటు చూసినా నా కుర్చీ పోయేలా పెట్టావు," అన్నాడు.

వాడు లేచి, పంచెకట్టు సవరించుకున్నట్టు లుంగీ సవరించుకుని, "అద్దాలు ఎన్ని కావాలో చెప్పు," అన్నాడు.

వాళ్ళ అన్న క్షవరం షాపు మూసేసి రెండేళ్ళయింది. అందులో గోడ పొడుగునా నిలువుటద్దాలు, తొమ్మిది. మరుసటి గురువారం వాటిని గోనెపట్టాల్లో చుట్టి, ట్యాంకరు పైన కట్టుకుని, గట్టు మీద నడకకన్నా నెమ్మదిగా తెచ్చాడు. దింపుతుంటే అన్నాడు: "జాగ్రత్త బావా. ఊళ్ళో సగం మంది మొహాలు చూసిన అద్దాలు. ఇంత అందమైన పని ఎప్పుడూ చేసి ఉండవు."

ఇనప డ్రమ్ము నా దగ్గరుంది. దాని పక్కన కన్నం కోసి, అందులో ఒడ్డుకి కొట్టుకొచ్చిన పాత ఓడ కిటికీ అద్దం బిగించాను. గుండ్రంగా, అన్నం తినే కంచమంత, రెండు వేళ్ళ మందం. మూతకి గాలి చొరకుండా ట్యాంకరు మూత తాలూకు రబ్బరు పట్టీ వేశాను. పైనుంచి రాగి గొట్టం తీసి, తడి గోనెలు చుట్టి, నీడలో పెట్టిన గాజు జాడీలోకి దింపాను. డ్రమ్ములో ఉప్పునీళ్ళు సగానికి పోశాను. ఎదురుగా తొమ్మిది అద్దాలూ కర్ర కాళ్ళ మీద నిలబెట్టాను. ఒక్కొక్క అద్దం ఒక్కొక్క ఎండముక్కని డ్రమ్ము కిటికీ మీదికి విసరాలి. అంతే పని.

అంతే పని గాని, సూర్యుడు కుదురుగా ఉండడు. పది నిమిషాలకోసారి ప్రతి అద్దాన్నీ వేలెడు జరపాలి. తొమ్మిదోది సర్దేసరికి మొదటిది తప్పి డ్రమ్ము పొట్ట మీద ఆడుతూ ఉంటుంది. పైగా ఏ అద్దం ముందు నిలబడినా నేనే కనిపిస్తాను. ముప్పయ్యారేళ్ళుగా గదిలో నాకు అరచేతంత అద్దమే ఉండేది. గడ్డం గీసుకునేటప్పుడు మొహం ముక్కలు ముక్కలుగా చూసుకునేవాణ్ణి. ఇప్పుడు తొమ్మిదిమంది నిలువెత్తు ముసలాళ్ళు ఎదురయ్యారు. మొదటిరోజు సంతోషం వేసింది, మనుషులొచ్చినట్టు. వాళ్ళతో రెండు మాటలాడాను కూడా. తొమ్మిదిమందీ ఒకేసారి నోళ్ళు కదిపారు, ఒక్కడి గొంతూ వినపడలేదు. ఆ తర్వాత అద్దాల వెనకవైపు నుంచే సర్దడం నేర్చుకున్నాను.

ఎండ మాత్రం భలే కుదిరింది. తొమ్మిది వెలుగులూ ఒక్క కిటికీలో పడితే దానివైపు చూడ్డం తరం కాలేదు. రెండో రోజు మధ్యాహ్నం ఒక కొంగ ఆ వెలుగుకి అడ్డంగా ఎగిరింది. ఇటునుంచి తెల్లకొంగలా వెళ్ళింది, అటునుంచి కాకిలా వచ్చింది. నేలమీద వాలి తన రెక్కలు తను చూసుకుని నావంక చూసిన చూపు నేను మర్చిపోలేను.

కొంగ మాడింది గాని నీళ్ళు మాత్రం మరగలేదు. సాయంత్రానికి జాడీలో ఒక్క గ్లాసెడు. మర్నాడు అద్దాలు తుడిచాను, కిటికీ తుడిచాను. గ్లాసెడే. లోపల మురికుందేమోనని మూత విప్పి, డ్రమ్ము లోపలంతా ఇసక వేసి, కొబ్బరిపీచుతో తోమాను. తుప్పూ, మసీ అంతా పోయి వెండిగిన్నెలా తయారైంది. ఆ రోజు ముప్పాతిక గ్లాసొచ్చింది. ఇంకా తోమాను. అరగ్లాసుకి దిగింది. నెలలో పదిహేను రోజులు అయిపోయాయి. రాత్రి పడుకుంటే మా చెల్లెలింటి టీవీ చప్పుడు చెవుల్లో వినిపించడం మొదలైంది.

గురువారం ట్యాంకరు గట్టు మలుపు తిరుగుతూనే ఆగిపోయింది. బావమరిది కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని, పక్కకి ఒరిగి నడుచుకుంటూ వచ్చాడు.

"ఏంటిది బావా? డబ్బాలోకి పంపిన ఎండంతా నా మొహాన కొడుతోంది!"

"నీ మొహానెందుకు కొడుతుంది? లోపలికి వెళుతుంటే."

"వెళుతోంది. వెళ్ళి వెనక్కొస్తోంది. లోపల ఏం పెట్టావు?"

"ఏం పెడతాను? శుభ్రంగా తోమాను."

మూత విప్పించి, తల లోపలికి దూర్చి చూశాడు. తల బయటికి తీసి నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు.

"తోమలేదయ్యా మహానుభావా, అద్దం చేశావు. తొమ్మిది చాలక పదోది డబ్బాలో పెట్టావు. ఎండ లోపలికొచ్చి తన మొహం తను చూసుకుని పోతోంది."

"మరేం చెయ్యాలి?"

"నా లారీ సీటు ఏ రంగు?"

"నలుపు."

"మిట్టమధ్యాహ్నం దానిమీద కూర్చుని చూడు, తెలుస్తుంది. పక్కనే తెల్ల తువ్వాలు పరిస్తే ఏమీ కాదు. లోపలంతా నల్లగా మాడ్చాలి బావా."

"నలుపా!" అన్నాను. మీకు ఉప్పు పని తెలియదు. మాకు తెలుపే గౌరవం. రాశిలో నల్ల నలుసొక్కటి కనపడితే చాలు, రాశి మొత్తం పక్కన పెట్టేస్తారు. ఆ మడివాడు ఆ ఏడాదంతా తలెత్తుకోడు. నేను మడిలోకి దిగేముందు కాళ్ళు తోముకునేవాణ్ణి. అలాంటివాణ్ణి తాగే నీళ్ళ డబ్బాని నల్లగా చెయ్యమంటే ఎలా చేతులాడతాయి?

"నువ్వు తాగేది ఆవిరి. ఆవిరికి నలుపంటుతుందా?"

"అంటితే?"

"అంటితే నీ నాలుక నల్లబడుతుంది. అప్పుడు నువ్వన్న అబద్ధాలన్నీ జరిగిపోతాయి. ఇంకేం కావాలి నీకు?"

ఇద్దరం కలిసి డ్రమ్ముని బోర్లించి, కింద చితుకుల మంట పెట్టి, లోపలి ఇనుము నల్లగా కమిలేదాకా కాల్చాం. ఒక మందపాటి ఇనపరేకుని కూడా మాడ్చి, కిటికీకి ఎదురుగా నీళ్ళలో నిలబెట్టాం. చేతులు, మొహాలు బొగ్గులయ్యాయి. ఆ రోజు వాడు రెండు గంటలు కాదు, ఐదు గంటలున్నాడు.

అవును, మొదట్లో ఎవరి సాయమూ లేదు, సలహా లేదు అన్నాను. ఆ రెండు ముక్కలూ కొట్టేసుకోండి. అద్దాలు వాళ్ళ అన్నవి, రబ్బరు వాడి ట్యాంకరుది, తెలివి వాడి లారీ సీటుది. ఎండ సూర్యుడిది. డ్రమ్మొక్కటే నాది, అదైనా ఆఫీసువాళ్ళు పారేస్తే తెచ్చుకున్నది. కోసిన కోత ఎంత తగ్గించినా మిగతాది కథకి సరిపోతుంది, మీకేం నష్టం లేదు.

మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి డ్రమ్ము మాట్లాడింది. ముందు సన్నగా మూలిగింది, తర్వాత గుడగుడమంది. నేను అద్దం వదిలేసి దగ్గరికెళ్ళి, "ఏమన్నావు?" అని అడిగాను. శుక్రవారం నాడు నా గది దగ్గర ఇంకో గొంతు వినపడ్డం అదే మొదటిసారి. కాసేపటికి గొట్టం కొసన చుక్క నిలబడింది, జారింది. ఇంకొకటి. సాయంత్రానికి జాడీ మీద నేను గీసిన పదో గీత తడిసింది. వేలు ముంచి నాలిక్కి రాసుకున్నాను. ఏ రుచీ లేదు. ట్యాంకరు నీళ్ళకి కూడా కాస్త ఉప్పు తగిలేది, బొత్తిగా ఉప్పు లేనిదేదీ అంతకు ముందు నా నోట పడలేదు మరి.

ఇంజనీరమ్మ మంగళవారం పొద్దున్నే వచ్చింది. జాడీని తలకిందులు చేసి చూసింది, గొట్టం వాసన చూసింది, నా తొట్టికి మూతేసి సీలు కూడా వేసింది. ఆ పిల్ల పనితనం నాకు నచ్చింది. మొదటి రోజు పదకొండు లీటర్లు. బుధవారం పది మీద కొంచెం.

గురువారం మధ్యాహ్నం ఒకటిన్నరకి మబ్బు పట్టింది. పెద్ద మబ్బేమీ కాదు. ఆకాశమంతా ఖాళీగా ఉంచుకుని సరిగ్గా సూర్యుడి మీదే కూర్చుంది. డ్రమ్ము మూగబోయింది. గంటన్నర. తొమ్మిది అద్దాల్లోనూ తొమ్మిది మబ్బులు. మబ్బు కదిలేసరికి మూడు దాటింది. జాడీలో ఏడున్నర.

అప్పుడొచ్చింది ట్యాంకరు. ఆఖరి నీళ్ళు, ఆఖరి గురువారం. బావమరిది దిగి జాడీ చూశాడు, ఆకాశం చూశాడు, వసారాలో రాసుకుంటున్న ఇంజనీరమ్మని చూశాడు. నా పక్కకొచ్చి గొంతు తగ్గించాడు.

"వెనకాల ఐదు వేల లీటర్లున్నాయి. ఆవిడ అటు తిరిగినప్పుడు నాలుగు మగ్గులు…"

"వద్దు."

"జీవితమంతా అబద్ధాలే కదా నువ్వాడింది! ఇదొక్కటి ఎక్కువా?"

"కథలో ఎంతైనా కలుపుతాను. కొలతలో కలపను."

డ్రమ్ము మళ్ళీ గుడగుడలాడుతోంది. నాలుగయ్యేసరికి జాడీలో ఎనిమిదిన్నర. కాని పొద్దు వాలింది. అద్దాల కర్రకాళ్ళు అంతకన్నా వంగవు. ఎండ కిటికీకి జానెడు పైనుంచి పోతోంది. ఒక్కొక్క అద్దం కిందా వెనకవైపు ఎత్తు పెట్టుకుంటూ ముందుకి వంచాలి, వంచి పట్టుకునే గురి చూడాలి. ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. మిగతా రెండు రోజులూ నాలుగింటికే పది నిండింది కాబట్టి నాకా సంగతి తట్టలేదు.

"అయితే పద," అన్నాను. "సామాను సర్దుకుందాం."

"బావా," అన్నాడు. "ఊళ్ళోకొచ్చేస్తావా నిజంగా?"

తూము వైపు చూశాను. ఇంకో మూడు గంటల్లో పోటు. వాడు గది పక్కనున్న ఉప్పు బస్తాల గుట్ట దగ్గరికి నడిచాడు. ఒక బస్తా భుజానేసుకొచ్చి మొదటి అద్దం వెనక కాలి కింద తోశాడు.

"చూస్తావేంటి? గురి పెట్టు!"

వాడు మోస్తాడు, నేను గురి పెడతాను. ఒకటి, రెండు, మూడు, తొమ్మిదీ. తొమ్మిదోది అయ్యేసరికి మొదటిదానికి ఇంకో బస్తా. వాడికి యాభై ఐదేళ్ళు, బస్తా పాతిక కిలోలు. చొక్కా విప్పేశాడు.

"నా ట్యాంకరుతో పని లేకుండా చెయ్యడానికి నేనే బస్తాలు మోస్తున్నాను," అన్నాడు రొప్పుతూ. "నాలాంటి తెలివైనవాణ్ణి చూశారా మేడం?"

"నేను సాయం చెయ్యకూడదు. చూడ్డానికొచ్చాను," అంది ఇంజనీరమ్మ. కాని తన నీడ ఐదో అద్దం మీద పడుతోందని చూసుకుని, కుర్చీ ఎత్తుకుని పక్కకి వెళ్ళి కూర్చుంది.

ఐదుంపావుకి తొమ్మిదిన్నర. ఎండ పసుపురంగుకి తిరిగింది. ఐదున్నరకి పదో గీతకి వెంట్రుకంత తక్కువ. డ్రమ్ము గొంతు సన్నబడింది. చుక్కకీ చుక్కకీ మధ్య బావమరిది ఊపిరి వినిపిస్తోంది. ముగ్గురం జాడీ చుట్టూ వంగున్నాం. చుక్క. చుక్క. ఇంజనీరమ్మ "పది" అనబోయి నోరు తెరిచింది; సాయంత్రం దోమ ఒకటి లోపలికి వెళ్ళింది. ఆ పిల్ల దగ్గి దగ్గి, కళ్ళనీళ్ళు తుడుచుకుని, అప్పుడంది "పది" అని. ఆ తర్వాత కాగితం రాసిచ్చి, సంతకం పెట్టి, చీకటి పడకముందే వెళ్ళిపోయింది.

బావమరిది నా తొట్టి నింపాడు. రెండో కుర్చీలో కూర్చుని టీ తాగాడు. ఆ రోజు గురక గురించి, పావురాల గురించి ఏమీ చెప్పలేదు. నేనూ కథేమీ చెప్పలేదు. పోటు వేళయింది, నేను తూము దగ్గరికి వెళ్ళాలి. వాడు చొక్కా తొడుక్కుని బండెక్కాడు. గట్టు మలుపు దాకా హారను కొడుతూనే వెళ్ళాడు.

సోమవారం గొలుసు కట్టారు. మొదటి గురువారం అద్దాలు తిప్పాను, పదిన్నర లీటర్లు. రెండో గురువారం పదకొండు. డ్రమ్ముకి ఒక కథ చెప్పి చూశాను. అది గుడగుడమంటుంది గాని, ఊఁ అనాల్సిన చోట అనదు.

మూడో గురువారం వాడొచ్చాడు. సైకిలు మీద, చెమటలు కక్కుకుంటూ. గొలుసు దగ్గర దిగి, సైకిలు ఎత్తి దాటించుకున్నాడట. రెండో కుర్చీలో కూలబడి, "నీళ్ళివ్వు బావా" అన్నాడు. జాడీలోవి ఇచ్చాను. నోట్లో పుక్కిలించి మొహం చిట్లించాడు.

"ఇంత చప్పగా ఉన్నాయేంటి? కాస్త ఉప్పు తగలెయ్యి. చుట్టూ అంతుంది కదా."

"నీకు రుచి తెలీదు. పన్ను ఊడిందా?"

"ఊడింది. మా ఆవిడ గురక కూడా ఆగింది. ఇప్పుడు ఆ చప్పుడు లేక నాకు నిద్ర పట్టట్లేదు. నీకు కొత్త అబద్ధమేదైనా ఉందా?"

కొంగ కథ చెప్పాను. కాకి అయిందన్న చోట ఆగాను. "ఊఁ," అన్నాడు, "తర్వాత?"

ఇక్కడొక మాట ఒప్పుకోవాలి. ఇందులో నేను కల్పించింది ఈ మూడో గురువారం. వాడు రాలేదు. వాణ్ణి వేరే దారిలో, దూరం ఊళ్ళకి వేశారని ఇంజనీరమ్మ చెప్పింది. ఆ పన్ను ఊడిందో లేదో నాకు తెలియదు. నిద్ర పట్టడంలేదన్న మాట మాత్రం వాడిదే, వాళ్ళావిడ పుట్టింటికి వెళ్ళిన ఏడాది అన్నాడు. ఉప్పు తగలెయ్యి అన్నది ఒకసారి నా టీ తాగి. ఉన్న మాటలే తీసుకొచ్చి ఆ రోజుకి పెట్టాను.